విడుదల వచ్చింది, దాని వెనకే వణుకూ వచ్చింది

మా చర్చి సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు నన్ను ఎలా మార్చాడో, చెప్పమంటే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అందరూ వినాలనుకునేది ఒక్క రాత్రి కథ. ఏడ్చాడు, మోకరించాడు, లేచాడు, తాగుడు పోయింది. నా మనసు వరకూ అది నిజమే. "ప్రభువా, ఇక నావల్ల కాదు" అన్న ఆ రాత్రి తర్వాత సీసా మీద ఆశ అంతలా ఎలా చచ్చిపోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కానీ ఆ సంగతి నా లివర్‌కి తెలియదు. మెదడుకీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే చేతులు వణకడం మొదలైంది. చెమటలు, వాంతులు, గుండెదడ. ఇంట్లో ఉన్న మందంతా ఒలకబోసేశాం. పైగా ఉపవాసం. మూడో రోజు రాత్రి గోడంతా పురుగులు పాకుతున్నాయంటూ దుప్పటి దులుపుతూ కూర్చున్నానట. నాకు గుర్తున్నది కొంచెమే. ప్రార్థనకు వచ్చినవాళ్లలో ఒకాయన ఇది దురాత్మ పనే అన్నారు, ఇంకాసేపు చేతులుంచి ప్రార్థిద్దామన్నారు. పాస్టర్ గారు మాత్రం, "ప్రార్థన దారిలో చేసుకుందాం, ముందు బండి పిలవండి" అన్నారు. నన్ను ఎత్తి బండిలో కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు? నాతో రోజూ తాగే స్నేహితుడే. పాత స్నేహితులందరినీ సాతాను మనుషుల్లా వర్ణించే సాక్ష్యాలు విన్నప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

ఏం జరిగిందో డాక్టర్ తర్వాత చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్ల మెదడును మత్తు అణచిపెడుతూ ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం తానే పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆ వేగానికి అడ్డే ఉండదు. ఆఖరి గ్లాసు తర్వాత సుమారు 6 నుంచి 8 గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. లేనివి కనబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం 2 నుంచి 4 రోజుల మధ్య. దాని పేరు డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. నాకు నరాల ఉద్రేకం తగ్గించే మందులు, విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ బి1 లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉందట.

అసలు రోగం ఆ తర్వాత బయటపడింది. కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. సూదితో తీస్తే కొన్నాళ్లకు మళ్లీ చేరేది. స్కానింగ్‌లో సిర్రోసిస్ అని తేలింది, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. కొవ్వు పట్టిన లివర్ అయితే తాగుడు మానిన కొన్ని వారాల్లోనే చాలావరకు బాగవుతుంది. నాది ఆ దశ దాటిపోయింది. మచ్చలు కట్టిన భాగం మునుపటిలా కావడం కష్టం, మిగిలినదాన్ని కాపాడుకోవాలి అన్నారు.

అప్పుడు దేవుడి మీద కోపం వచ్చింది. మారుమనస్సు పొందాక కూడా ఇదేమిటి? స్వస్థత వాక్యాలు చదివి వినిపించేవాళ్లు వెళ్లిపోయాక ఇంకా నీరసంగా ఉండేది. నన్ను నిలబెట్టింది బైబిల్లో అపొస్తలుడైన పౌలు చెప్పిన "శరీరంలోని ముల్లు", అంటే ఆయన్ని వదలని ఒక బాధ. తీసేయమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు. నా కృప నీకు చాలు అన్నాడు. ఆ జవాబు మొదట నాకు నచ్చలేదు. కానీ తీసేయని ముల్లుతోనే పౌలు ఆగకుండా తిరిగాడు కదా అనిపించాక, మాత్రలు టైముకి వేసుకోవడం, ఉప్పు తగ్గించడం కూడా భక్తిలో భాగంగానే కనిపించాయి.

ఇంటికొచ్చాక అన్నిటికన్నా కష్టమైనది సాయంత్రం. పగలు ఎలాగో గడిచేది. పొద్దుగూకితే కాళ్లు వాటంతటవే పాత దారి పట్టేవి. ఆ వేళకే సంఘంలో ప్రార్థన కూడిక ఉండేది. మొదట్లో నేను అక్కడికి వెళ్లింది భక్తితో అని చెప్పను. ఆ గంట కూర్చోవడానికి ఒక చోటు కావాలి, అంతే.

ఇంకో చిక్కు ప్రభు బల్ల దగ్గర, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో వచ్చింది. మా సంఘంలో పులిసిన అసలు ద్రాక్షారసమే ఇచ్చేవాళ్లు. నాకు చుక్క కూడా వద్దన్నారు డాక్టర్. తన శిష్యుడు తిమోతిని పౌలు కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న వాక్యం ఉంది చూశారూ, బైబిల్ తెరవని తాగుబోతుకి కూడా అది కంఠతా వస్తుంది! పాస్టర్ గారితో భయపడుతూనే చెప్పాను. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి, పాశ్చర్ పద్ధతిలో వేడిచేసి పులియని ద్రాక్షరసం తయారుచేసింది ప్రభు బల్ల కోసమేనని ఆయన చెప్పారు. ఇద్దరు పెద్దలు సణిగారు. చివరికి నాకొక్కడికే వేరే కప్పు పెట్టకుండా అందరికీ అదే పెట్టారు. నా గురించి చేసిన ప్రార్థనలన్నిటికన్నా ఆ ఆదివారమే నేను ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడు పొట్టలో నీరు చేరడం లేదు, కళ్లు తెల్లబడ్డాయి. ప్లేట్‌లెట్లు మాత్రం తక్కువే. లివర్ క్యాన్సర్ వస్తే ముందే పట్టుకోవడానికి ప్రతి 6 నెలలకూ స్కానింగ్ ఉంటుంది. ఆ వారమంతా టెన్షనే, విశ్వాసం ఉన్నా సరే.

నన్ను బండెక్కించిన స్నేహితుడు ఈమధ్య ఫోన్ చేశాడు. "నేనూ మానేస్తారా. మీ పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించు, రేపట్నుంచి ముట్టుకోను" అన్నాడు. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడిగాను. ఒకసారి వచ్చాయన్నాడు. అయితే నీ అంతట నువ్వు ఆపొద్దు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్దాం అన్నాను. సోమవారం వెళ్తున్నాం. పాస్టర్ గారు కూడా వస్తానన్నారు.