పలాసలో మా సాయంత్రం బడికి గ్రాంట్ ఎలా వచ్చింది: నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల కోసం సాయంత్రం పూట చదువు చెప్పే కేంద్రాలు నడుపుతున్నాం. తల్లి పని నుంచి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది, బడి నుంచి వచ్చిన పిల్లలు అప్పటిదాకా వీధిలోనే ఉంటారు, అందుకే ఆ మూడు గంటలు మా కేంద్రాల్లో ఉంచుకుంటాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగినప్పుడు సాయం పంచడానికి కలిసిన కొద్దిమందిమే తర్వాత ఈ పని మొదలుపెట్టాం. మొదట్లో జేబులో డబ్బులతోనే నడిచింది. ఆ తర్వాత సంస్థగా రిజిస్టర్ అయ్యాం, నిరుడు ఒక ఫౌండేషన్ గ్రాంట్ వచ్చింది. మధ్యలో తెలిసిన విషయాలు మన జిల్లాలో చిన్న సంఘాలు నడిపేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. "గ్రాంట్ ఎక్కడ దొరుకుతుంది?" అని చాలామంది అడుగుతారు. దానికన్నా ముందు అడగాల్సింది, మన దగ్గరున్న కాగితాలతో ఏ రకం డబ్బుకి మనం అర్హులం అని. సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సామాజిక పనులకిచ్చేది), ఫౌండేషన్ డబ్బు, విదేశాల డబ్బు, మామూలు దాతల విరాళం, ఈ నాలుగింటికీ నాలుగు దారులున్నాయి. ఒక దారికి ఉన్న కాగితం ఇంకో దారికి చాలదు.

మేం 2021లో సొసైటీగా రిజిస్టర్ చేయించాం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళు కాకుండా చూసుకోండి, ఎందుకంటే తర్వాత ఏ ఫౌండేషన్ అయినా మొదట అడిగేది కమిటీలో ఎవరికెవరు చుట్టాలని. మా కమిటీలో ఇద్దరు జీడి కార్మికులు ఉండాలని మేం పట్టుబట్టాం. వాళ్ళ పిల్లల కోసం పెట్టిన సంస్థలో వాళ్ళ మాట లేకపోతే ఎలా?

ఆ ఇద్దరిలో ఒకావిడ వేలిముద్ర బ్యాంకులో పడలేదు. ఎన్నో ఏళ్ళుగా జీడిపిక్కల పనిలో ఉంది, తొక్కలోంచి కారే నూనెకి వేళ్ళ కొసల్లో తోలు ఊడి, నల్లబడి, గీతలన్నవే కనబడవు. మిషన్ మీద వేలు పెట్టడం, ఎర్ర లైటు వెలగడం, చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టడం. "నా ఏలు పడదు టీచరమ్మా, నా బదులు ఇంకోరిని రాసెయ్యండి" అంది. రాయలేదు. ఆధార్ కేంద్రంలో కనుపాప స్కాన్ చేయించి, ఆవిడ ఫోన్ నంబరు ఆధార్‌కి కలిపించాక ఓటీపీతో పని జరిగింది. మీ కమిటీలో కూలి పనివాళ్ళు ఉంటే ఈ పని అన్నిటికన్నా ముందు చేయించుకోండి, స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వాళ్ళు పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదుకి కమిటీ సభ్యుల వివరాలు కావాలి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది.

బైలాస్ (సంస్థ నియమావళి) రాసేటప్పుడు మా ఆడిటర్ గారు ఒక పేరా దగ్గర చాలాసేపు ఆపారు. సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులకి పంచకుండా ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకి వెళ్తుందని స్పష్టంగా ఉండాలమ్మా, అది లేకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వెనక్కి పంపిస్తారు, అన్నారు. జిరాక్స్ షాపుల్లో దొరికే నమూనా బైలాస్‌లో ఈ పేరా ఉందో లేదో చూసుకుని మరీ సంతకాలు పెట్టండి, తర్వాత సవరించాలంటే సర్వసభ్య సమావేశం, తీర్మానం, మళ్ళీ రిజిస్ట్రార్ ఆఫీసు.

తర్వాత ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు. 12ఏ ఉంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, 80జీ ఉంటే మనకి విరాళం ఇచ్చినవాళ్ళకి వాళ్ళ పన్నులో కొంత కలిసొస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది. ముందు ఫారం 10ఏ పెడితే మూడేళ్ళకి తాత్కాలిక రిజిస్ట్రేషన్ వస్తుంది, అది పెద్ద ప్రశ్నలు లేకుండానే వస్తుంది. అసలు పరీక్ష పూర్తి రిజిస్ట్రేషన్‌కి పెట్టే ఫారం 10ఏబీ దగ్గర. కార్యక్రమాలు మొదలైన ఆర్నెల్లలోపు గానీ, తాత్కాలిక గడువు అయిపోవడానికి ఆర్నెల్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పటికి పెట్టాలి. "మూడేళ్ళు ఉంది కదా" అని ఊరుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. మన దరఖాస్తు హైదరాబాద్‌లో ఎగ్జంప్షన్స్ కమిషనర్ దగ్గరికి వెళ్తుంది, ప్రశ్నలు ఆన్‌లైన్లోనే వస్తాయి: ఏం పని చేశారు, ఫొటోలేవి, ఖర్చుల వివరాలేవి, ఇచ్చినవాళ్ళెవరు. జవాబుకి ఇచ్చే గడువు తక్కువ, అందుకని పోర్టల్‌లో మెయిల్ ఐడీ ఆడిటర్‌ది ఒక్కటే ఉండకుండా మనదీ ఉండాలి. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి. నేను మా నాటి నంబర్లు రాస్తున్నాను, మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

80జీ గురించి ఆశ కొంచెం తగ్గించుకోవాలి. ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, కొత్త విధానంలోకి మారినవాళ్ళకి రాదు. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అసలే రాదు. అయినా 80జీ తీసుకోవాల్సిందే, ఎందుకంటే సీఎస్ఆర్ దారి తెరుచుకోవాలంటే అది అడుగుతారు. దాతల జాబితా ఏటా మే 31లోపు ఫారం 10బీడీలో ఎక్కించాలి, అప్పుడే వాళ్ళకి సర్టిఫికెట్ ఇవ్వగలం. దానికి ప్రతి దాత పాన్ గానీ ఆధార్ లాంటి ఇంకో గుర్తింపు నంబరు గానీ కావాలి, డబ్బులు తీసుకునేటప్పుడే అడిగేయండి, మొహమాటపడితే మే నెలలో అందరికీ ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

సీఎస్ఆర్ విషయానికొద్దాం. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ తన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు మనలాంటి సంస్థ ద్వారా పెట్టాలంటే మనం కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి, పైగా అలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. ఈ మూడేళ్ళే చిన్న సంస్థలకి గండం. అప్పటిదాకా ఎవరూ ఇవ్వరు, ఎవరూ ఇవ్వకపోతే అప్పటిదాకా బతకం. మేం బతికింది స్థానిక విరాళాలతో. కిరాణా షాపాయన బియ్యం, రిటైరైన మాస్టార్లు నెలకింత, పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో ఒకపూట గుడ్లు. అవి చిన్నవే, కానీ ప్రతిదానికీ రసీదు కొట్టి, క్యాష్ బుక్‌లో రాసి, ఏటా ఆడిట్ చేయించాం. మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు అంటే మూడేళ్ళలో ఎంత పెద్ద డబ్బు తిప్పామన్నది కాదు, తిప్పినంతకీ లెక్క ఉందా అన్నది చూస్తారు. మాకు గ్రాంట్ వచ్చినప్పుడు కూడా ఆ ఫౌండేషన్ వాళ్ళు మెచ్చుకున్నది ఆ గుడ్ల వోచర్లనే. గుడ్లమ్మే ఆవిడ బిల్లు ఇవ్వదు కదా, అందుకని తేదీ, ఎన్ని గుడ్లు, ఎంత, ఆవిడ సంతకం, పిల్లల హాజరు సంఖ్య ఒకే కాగితం మీద ఉండేలా మేమే ఒక వోచరు అచ్చువేయించాం.

సీఎస్ఆర్-1 వచ్చాక జిల్లాలో ఒక కంపెనీ వాళ్ళు వచ్చి చూశారు. వాళ్ళకి నచ్చింది. ట్యాబ్‌లు ఇస్తాం, స్మార్ట్ టీవీ పెడతాం, గోడకి రంగులేయిస్తాం అన్నారు. మాకు కావాల్సింది చదువు చెప్పే అమ్మాయిల గౌరవ వేతనం, కేంద్రాల అద్దె. అది కుదరదన్నారు. నాకు బాధేసింది, ఎందుకంటే పాఠం చెప్పేది టీవీ కాదు, ఇంటర్ చదివి ఊళ్ళోనే ఉండిపోయిన ఆ అమ్మాయిలే. తర్వాత అర్థమైంది, వాళ్ళు వచ్చింది ఫిబ్రవరిలో, మార్చి 31లోపు ఖర్చు చూపించాలి, ఆ టైములో వస్తువులైతే కొనేసి బిల్లు పెట్టేయొచ్చు, మనుషుల జీతమైతే ఏడాదంతా నడవాలి. కంపెనీలు ఏడాది ప్రణాళిక వేసుకునేది ఆర్థిక సంవత్సరం మొదట్లో. కాబట్టి జీతాలు, అద్దెలు అడగాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే వెళ్ళండి, అప్పుడైతే రెండు మూడేళ్ళ ప్రాజెక్టుగా మాట్లాడొచ్చు, చట్టంలో దానికి వీలుంది.

ఇక విదేశాల డబ్బు. కవిటి నుంచి వెళ్ళి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన ఒకన్నయ్య "అక్కడి కమ్యూనిటీ ఫౌండేషన్‌లో మాకో ఫండ్ ఉంది, అందులోంచి పంపిస్తా" అన్నాడు. అప్పుడు చదివి తెలుసుకున్నాను. కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఒక ప్రాంతంలోని జనం ఇచ్చిన డబ్బంతా ఒకచోట పెట్టుబడిగా ఉంచి, దాని రాబడితో ముఖ్యంగా ఆ ప్రాంతానికి గ్రాంట్లిచ్చే సంస్థ, మొదటిది 1914లో ఆ ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లోనే పుట్టింది. అందులో రకాలున్నాయి: ఫౌండేషనే తన నిర్ణయంతో ఇచ్చేవి, చదువు లేదా ఆరోగ్యం లాంటి ఒక రంగానికే ఇచ్చేవి, ఫలానా సంస్థకే అని రాసిపెట్టినవి, స్కాలర్‌షిప్పులు, దాత సలహా మేరకు ఇచ్చేవి. దరఖాస్తు పెట్టుకునే గ్రాంట్లు సాధారణంగా ఆ ప్రాంతంలో పనిచేసే, అమెరికా పన్ను చట్టంలో 501(సి)(3), అంటే ధర్మసంస్థ అన్న గుర్తింపు, ఉన్న సంస్థలకే. అన్నయ్యది దాత సలహా రకం, అంటే ఆయన ఫలానా వాళ్ళకి ఇవ్వమని చెప్పొచ్చు, ఇవ్వాలా వద్దా అన్నది ఫౌండేషన్ ఇష్టం.

వాళ్ళు ఒప్పుకున్నా మనం తీసుకోలేం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా విదేశీ సంస్థ నుంచి రూపాయి తీసుకున్నా నేరం. రిజిస్ట్రేషన్‌కి మూడేళ్ళ వయసు, గత మూడేళ్ళలో అసలు పనుల మీద 15 లక్షల ఖర్చు ఉండాలి, ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. మా ఖర్చు 15 లక్షలకి చేరలేదు. విశాఖలో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామని ఒకరు సలహా ఇచ్చారు, 2020 సవరణ తర్వాత అదీ లేదు, తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. పోనీ ఫండ్ వదిలేసి సొంత డబ్బు పంపుతానన్నాడు అన్నయ్య. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి అదీ విదేశీ విరాళమే అవుతుంది.

కానీ దుబాయ్‌లో, కువైట్‌లో వెల్డింగ్ పనులు చేసే మా ఉద్దానం కుర్రాళ్ళున్నారు. వాళ్ళది భారత పాస్‌పోర్టు. భారత పౌరుడు విదేశంలో ఉండి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పాస్‌పోర్టు కాపీ, "ఇది నా సొంత పొదుపు" అని ఒక ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టుకుంటున్నాం. నెలనెలా వాళ్ళు పంపే డబ్బుతో ఒక కేంద్రం అద్దె మొత్తం నడుస్తోంది. వాళ్ళ అమ్మలు, అక్కలు జీడి పనిలో ఉన్నవాళ్ళే.

నిరుడు వచ్చిన గ్రాంట్ మన దేశంలోని ఫౌండేషన్‌దే, రెండేళ్ళకి. దరఖాస్తులో ఎన్ని పేజీలు రాశామన్నది వాళ్ళు చూడలేదు. మనిషిని పంపారు, ఆయన సాయంత్రం వచ్చి చాప మీద కూర్చుని పిల్లల చేత చదివించాడు, తర్వాత తల్లులతో మాట్లాడాడు. మేం బడ్జెట్‌లో మొదటి పద్దుగా గౌరవ వేతనమే పెట్టాం, దాన్ని తగ్గించమంటే మిగతావి తగ్గిస్తాం గానీ ఇది మాత్రం తగ్గించేది లేదని ముందే చెప్పాం. ఒప్పుకున్నారు. డబ్బు విడతలుగా వస్తుంది, మొదటి విడతకి వినియోగ పత్రం, ఆడిటర్ సంతకంతో, ఇస్తేనే రెండోది. ఏ పద్దుకిచ్చినది ఆ పద్దుకే వాడాలి. గుడ్ల డబ్బు అద్దెకి వాడాలన్నా ముందు మెయిల్ రాసి అనుమతి తీసుకోవాలి. కమిటీలో మా కార్మికురాలు ఒకావిడ "ఏటిది, మనకిచ్చిన డబ్బులకి మనం ఇన్నిసార్లు అడగాలేటి?" అంది. కోపమొచ్చినా న్యాయమే అనిపించింది నాకు, ఆ డబ్బు పిల్లలది కాబట్టి. ఇప్పుడు నెలాఖరున వోచర్లు ఆవిడే సరిచూస్తుంది, లెక్క తేడా వస్తే మమ్మల్ని వదలదు.

ఇంకో విషయం, సంస్థల్లో ఇది ఎక్కువమంది పట్టించుకోరు. 12ఏ ఉన్న సంస్థ ఆ ఏడాది వచ్చినదాంట్లో 85 శాతం ఆ ఏడాదే పనికి వాడాలి. విడత డబ్బు మార్చిలో పడితే ఖర్చు పెట్టే టైమే ఉండదు. అలా జరిగేలా ఉంటే ముందే ఆడిటర్‌కి చెప్పండి, మిగిలినది వచ్చే ఏళ్ళకి దాచుకోవడానికి ఫారాలున్నాయి, గడువు దాటితే అవి పనికిరావు. శాశ్వత నిధికి ఇచ్చేవాళ్ళు ఉంటే అది శాశ్వత నిధికే అని వాళ్ళ చేత రాయించుకోండి, నోటి మాట చెల్లదు.

మొన్న కంచిలి వైపు నుంచి కొందరు యువకులు వచ్చారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని చేస్తున్నారు, సొంత బండ్ల మీదే. మా బైలాస్ కాపీ, వోచరు నమూనా ఇచ్చాం, పెట్రోలు బిల్లులు ఈరోజు నుంచే దాచమన్నాను. సొసైటీ రిజిస్ట్రేషన్ అయ్యింది వాళ్ళకి, పాన్ కార్డు రావాలి.