ప్రయాణంలో విచ్‌క్రాఫ్ట్ సాధన

అరచేతిలో ఇమిడే రేకు డబ్బా ఉంటే విచ్‌క్రాఫ్ట్ (పాశ్చాత్య మంత్రవిద్య) పూజా పీఠం సిద్ధమైనట్టే. అందులో ప్రకృతి శక్తులకు గుర్తులు: భూమికి గులకరాయి, అగ్నికి బ్యాటరీ దీపం, గాలికి వెలిగించని అగరుబత్తి ముక్క (వాసన చాలు), నీటికి ఖాళీ బుడ్డి, దిగాక నింపుకోవచ్చు. హోటల్ గదిలో పొగ మాత్రం వద్దు, అలారం మోగితే ఏకాగ్రత పోతుంది.

ఆథమే అనే పూజా కత్తిని విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు. దాంతో గీసే పూజా వృత్తానికి చూపుడువేలు సరిపోతుంది, నన్నడిగితే అదే మేలు. చాలా విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి తీసుకెళ్లే నూనె సీసా 100 మి.లీ. దాటకూడదు. లేబుల్ లేని ఉప్పు పొట్లం తనిఖీలో అనుమానం తెస్తుంది. విత్తనాలు, మొక్కల వేర్లు సరిహద్దులో లాగేసుకోవచ్చు, అక్కడే కొనుక్కోండి.

పౌర్ణమి ఘడియ ప్రపంచమంతా ఒకటే, గడియారాలే వేరు. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసుకుని స్థానిక సమయానికి మార్చుకోండి, తేదీ కూడా మారొచ్చు. దక్షిణార్ధగోళంలో ఋతువులు తిరగబడతాయి కాబట్టి, అక్టోబర్ 31 నాటి సావిన్ పండుగను అక్కడ చాలామంది ఏప్రిల్ 30 ప్రాంతంలో చేస్తారు.