కంబాలకొండ లోపలికి

విశాఖలో ఇంటికి చుట్టాలొస్తే చూపించే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, ఓపికుంటే భీమిలి దాకా బీచ్ రోడ్డు. సింహాచలం ఎలాగూ తప్పదు. ఇవన్నీ తిప్పి రైలెక్కించేస్తాం. హనుమంతవాక దాటి హైవే మీద కాస్త ముందుకెళ్తే, జూ పార్కుకి ఎదురుగా మొదలయ్యే అడవి సంగతి మాత్రం మనకే సరిగ్గా తెలియదు. కంబాలకొండ అనగానే బోటింగ్ గుర్తొస్తుంది, లేదంటే కార్తీకమాసం పిక్నిక్. అటు అడవివరం నుంచి ఇటు గంభీరం వైపు దాకా పరుచుకుని దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉందనీ, అందులో చిరుతలు తిరుగుతున్నాయనీ చెబితే ఈ ఊళ్లో పుట్టిపెరిగిన వాళ్లే ‘నిజమా’ అంటారు. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండేది. తర్వాత అటవీశాఖ కిందికి వచ్చింది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. మన ఊరి గురించి మనం గర్వంగా చెప్పుకోవాల్సిన వాటిలో ఇది ముందుండాలని నా గట్టి నమ్మకం.

ఈసారి నాతో మా మేనమామ వచ్చాడు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాడు, ఉండేది కూర్మన్నపాలెంలో. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో మార్గశిర గురువారం పూజకి వచ్చి, మా ఇంట్లో దిగాడు. ఆయనకి నడక కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాడు. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం దాకా వచ్చి, మళ్లీ ఊళ్లోంచి కొండ చుట్టూ తిరిగి అప్పన్న దగ్గరికే చేరే 32 కిలోమీటర్ల దారి ఆయనకి కంఠతా వచ్చు. ఏ మలుపులో మజ్జిగ ఇస్తారో, ఎక్కడ కాళ్లు నొప్పెడతాయో కూడా చెబుతాడు.

“అన్నేళ్లు కంబాలకొండ పక్కనుంచే నడిచావు కదా మావయ్యా, దాని లోపలికి ఒక్కసారైనా వెళ్లావా?” అని అడిగాను.

“లోపలికెందుకే అమ్మడూ, అడవి కదా!” అన్నాడు. కానీ మర్నాడు పొద్దున్న నాకంటే ముందే లేచి బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు.

గేటు దగ్గర టికెట్ తీసుకుని, అడవి దారి చూపించడానికి ఒకతన్ని వెంటబెట్టుకున్నాం. ఇక్కడ ఆ పని చేసేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. అభయారణ్యం లోపలే శంభువానిపాలెం అని ఒక చిన్న ఊరు కూడా ఉంది. మాతో వచ్చినతనికి నలభై ఏళ్లుంటాయి. చేతిలో సన్నటి కర్ర, భుజానికి సంచీ. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు.

మొదట వచ్చే భాగం గురించి పెద్దగా చెప్పను. జలాశయం, బోట్లు, కాటేజీలు, పిల్లల ఆటలు. ఆదివారం కాకపోయినా జనం ఉన్నారు. అవన్నీ దాటి కుడివైపు కాలిబాట పట్టాక గానీ అసలు అడవి మొదలు కాలేదు.

బాట ఎర్రమట్టి మీద. తూర్పు కనుమల్లో మన వైపు కొండలు చాలావరకు ఖొండలైట్ అనే రాయి. ఎండకీ వానకీ మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది, అందులోని ఇనుము తుప్పుపట్టి మట్టి ఎర్రబారుతుంది. సింహాచలం మెట్ల పక్కన కనిపించే మట్టీ ఇదే. బూటు మడమతో గీరితే పైన ఓ జానెడు మన్ను, కింద పుచ్చిపోయిన రాయి. ఆ కాస్త మట్టిలోనే ఇంత అడవి నిలబడింది. ఒక పల్లంలో గెడ్డ దాటాం. అక్టోబరు వానల నీళ్లు ఇంకా సన్నగా పారుతున్నాయి. పాదం మునగనంత లోతు. ఇసుక మీద కొండగొర్రె గిట్టల గుర్తులు ఉన్నాయని అతను చూపిస్తే తప్ప మాకు కనపడలేదు.

గెడ్డ దాటాక అతను ఒక్కసారిగా చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పాము అనుకుని మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. పాము కాదు, సాలెగూడు. బాటకి ఆ పక్క చెట్టు నుంచి ఈ పక్క చెట్టుకి, మా తల ఎత్తున, నిలువెత్తు మనిషి చేతులు బార్లా చాపినంత వెడల్పున కట్టి ఉంది. ఎండ పడ్డచోట దారాలు పసుపుపచ్చగా, నిజంగా బంగారు తీగల్లా మెరుస్తున్నాయి. మధ్యలో తలకిందులుగా వేలాడుతున్న సాలీడు కాళ్లతో కలిపి నా అరచేతి కంటే పెద్దది. నల్లటి ఒంటి మీద పసుపు చారలు, మోకీళ్ల దగ్గర పసుపు చుక్కలు. జెయింట్ వుడ్ స్పైడర్ అంటారు. “ఆ పైన సూడండమ్మా, అది మొగుడు” అన్నాడతను. గూటి పై అంచున పెసరగింజంత ఎర్రటి పురుగు ఒకటుంది. ఆడదాని ముందు మగది అంత చిన్నది! దగ్గరగా వెళ్లి ఒక దారాన్ని చిటికెన వేలితో మీటాను. తెగలేదు, సాగి మళ్లీ బిగుసుకుంది. పెద్దది మాత్రం ఒక కాలు కదిపి, ఇది తిండి కాదని తేల్చుకున్నట్టు మళ్లీ ఊరుకుంది. మేం ముగ్గురం వంగి గూటి కింద నుంచి దాటాం. దాన్ని కర్రతో తెంపేసి నడిచిపోయే వాళ్లే ఎక్కువట. ఎంత కష్టపడి కట్టుకున్నదో తెలిస్తే ఎవరికైనా చెయ్యి రాదు.

ఆ తర్వాత దారి ఏటవాలుగా పైకి లేచింది. జీడిమామిడి చెట్లు, వెదురు పొదలు, పైన ఎక్కడో నెమలి కూత. పసులపోలిగాడి జాతిదే, తోక చివర రెండు తీగలకి రెండు ఆకులు వేలాడుతున్నట్టుండే డ్రాంగో ఒకటి మా ముందు కొమ్మ కొమ్మకీ ఎగురుతూ రకరకాల గొంతులతో కూసింది. వేరే పిట్టల్ని అనుకరించడం దానికి అలవాటు. అందుకే ఎన్ని పిట్టలున్నాయో ఆ కూతల్ని బట్టి లెక్కపెట్టలేం.

కానీ ఈ నడకలో నేను ఎక్కువసేపు నిలబడ్డది పిట్టల కోసం కాదు, పడిపోయిన చెట్ల దగ్గర.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటిన రోజు. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఆ రోజుల్లో ఇక్కడున్న వాళ్లకి కరెంటు లేని రాత్రులు, పాలప్యాకెట్టు కోసం క్యూలు, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు గుర్తుంటాయి. నాకైతే అన్నింటికంటే ఎక్కువ గుర్తున్నది మర్నాటి కొండలు. అప్పటిదాకా పచ్చగా ఉన్న కొండలన్నీ ఎవరో అంటించి ఆర్పేసినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. గాలి ఆకుల్ని దూసేసింది, మిగిలిన వాటిని సముద్రపు ఉప్పు మాడ్చేసింది. కైలాసగిరి, సింహాచలం, కంబాలకొండ అన్నీ అంతే. ఊరంతా తన ఇళ్లని చూసుకుని ఏడుస్తున్నప్పుడు కొండల కోసం ఎవరు ఏడుస్తారు?

ఆ చెట్లు ఇప్పుడు నా కాళ్ల ముందున్నాయి. ఒక పెద్ద మాను వేళ్లతో సహా లేచి పక్కకి ఒరిగింది. జానెడు మట్టి అన్నాను కదా, వేళ్లు లోతుకి దిగలేక రాతి పలకల మీద పాకి, వాటి పగుళ్లలోకి చొరబడ్డాయి. గాలి చెట్టుని లాగేస్తే ఆ పలకలు కూడా ఊడి వచ్చేశాయి. ఇప్పటికీ వేళ్ల మధ్య ఇరుక్కుని బుట్టంత రాయి ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. కానీ ఒక పక్క వేళ్లు ఇంకా మట్టిని వదల్లేదు. పడుకున్న మొద్దు మీద నుంచి వరసగా నాలుగు కొమ్మలు నిటారుగా లేచాయి. ఒక్కొక్కటీ నా తొడంత లావు, పైన వేరే చెట్ల కొమ్మలతో కలిసిపోయాయి. కింద చూడకపోతే అవి నాలుగు చెట్లే అనుకుంటాం.

“ఇది పడ్డప్పుడు మేం దీన్ని కోసీలేదమ్మా. దారికడ్డం ఉన్నవే కోసాం. ఇదిగో, ఇలా లేచింది” అన్నాడతను. చేత్తో మొద్దుని రెండుసార్లు తట్టాడు.

కోసేసిన వాటి సంగతీ అలాగే ఉంది. మోడు చుట్టూ గుబురుగా పిలకలు వచ్చి, అందులో రెండో మూడో గెలిచి చెట్లయ్యాయి. బాట పక్కన ఒకే మొదలు నుంచి రెండు మూడు మానులు వచ్చిన చెట్లు ఎన్నో ఉన్నాయి. వీటిని ఎవరూ నాటలేదు. తుఫాను తర్వాత ఊళ్లో రోడ్ల పక్కన మొక్కలు నాటారు, మంచిదే. కానీ అడవికి కావలసింది దాన్ని ముట్టుకోకుండా ఉండటమేనని ఆ మొద్దు దగ్గర నాకు అర్థమైంది. పడ్డ మానులోనే చెదలు, చెదల కోసం అలుగు అనే పొలుసుల జంతువు, కుళ్లిన చెక్కలో పుట్టగొడుగులు, దాని కింద తేమ. శుభ్రం చేయాలని కలపంతా ఎత్తుకెళ్తే ఇవేవీ మిగలవు.

అంతా బాగుందని కూడా కాదు. చెట్లు పడి ఎండ నేల మీదికి దిగిన చోట లంటానా కంప అల్లుకుపోయింది. పూలు ముద్దుగా ఉంటాయి గానీ, దాని కింద ఇంకో మొక్క లేవదు. వేసవిలో ఎండిందంటే నిప్పురవ్వ చాలు. ఎవరైనా పారేసిన సిగరెట్ పీకతో కొండ అంటుకున్న వేసవులు ఉన్నాయని అతను చెప్పాడు. చీకటి పడ్డాక నగరంలో డాబాల మీద నుంచి కొండ మీద ఎర్రటి గీత కనిపించడం మనకీ తెలుసు.

ఇంకొంచెం పైకెళ్లాక బాట మధ్యలో బూడిదరంగు ముద్ద ఒకటి కనిపించింది. అతను కర్రతో విడదీశాడు. లోపలంతా వెంట్రుకలు, తెల్లటి ఎముక ముక్క. చిరుత పెంట. పాతదేలెండి అన్నాడు గానీ మావయ్య ముఖంలో టెన్షన్ దిగలేదు.

“బాట మీదే వస్తుందా అది?”

“మనలాగే బాబూ. కంపలో ఎవరు నడుస్తారు?”

చిరుతకి ఇక్కడ అడవిపందులూ దుప్పులూ ఉన్నాయి. అది అడవి అంచుకి వచ్చేది ఎక్కువగా ఊరకుక్కల కోసం. కుక్కలు వచ్చేది చెత్త కోసం. చెత్త వచ్చేది మన దగ్గర్నుంచి. పిక్నిక్‌లో మిగిలిన బిర్యానీ ఆకులో వదిలేసి వెళ్తే, అది చివరికి చిరుతని ఇళ్ల దగ్గరికి తెస్తుంది. అప్పుడు అందరం కలిసి ‘జనావాసాల్లోకి చిరుత’ అంటాం. చిరుత ఇల్లు ఎక్కడో ముందు చూసుకోవాలి.

పైన బండల మీద కూర్చుని దిబ్బరొట్టి, అల్లం పచ్చడి తిన్నాం. పొట్లం కాగితాలు మావయ్యే మడిచి జేబులో పెట్టుకున్నాడు. అటు కైలాసగిరి పక్కగా సముద్రం, ఇటు రుషికొండ వైపు ఎత్తు భవనాలు, కింద హైవే మీద బొమ్మల్లాంటి లారీలు. పడమట సింహాచలం కొండల వరస. మావయ్య లేచి నిలబడి ప్రదక్షిణ దారంతా వేలితో గీశాడు. “అదిగో ముడసర్లోవ అటు. అక్కడే మాకు పొద్దు గుంకుద్ది. హనుమంతవాక ఇదిగో. అంటే ఇన్నాళ్లూ నేను దీని పక్కనుంచే...” అని ఆగి, మళ్లీ పడమటి వైపు చూశాడు. ఈ కొండల మీద పడిన వానే ముడసర్లోవ జలాశయానికి చేరుతుంది. తెల్లదొరల కాలం నుంచి విశాఖకి మంచినీళ్లిచ్చిన చెరువది. 2018లో దాని నీళ్ల మీదే రెండు మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు పెట్టారు. పైన అడవి ఉంటే వాన నెమ్మదిగా ఇంకి, గెడ్డల్లో నెలల తరబడి ఊరుతుంది. అడవి పోతే ఒక్కరోజులో ఎర్రమట్టితో సహా దిగిపోయి చెరువుని పూడ్చేస్తుంది. ప్రదక్షిణలో ముడసర్లోవ దగ్గర తాగే నీళ్లకి ఈ చెట్లకి ఉన్న సంబంధం మావయ్యకి నేను వివరించక్కర్లేకపోయింది.

దిగేటప్పుడు ఒక గుంపు ఎదురైంది, బ్లూటూత్ స్పీకర్ చేతిలో, పాట హోరు. అతను మర్యాదగానే ఆపమన్నాడు. ఆపారు, మేం మలుపు తిరిగాక మళ్లీ పెట్టారు. ఆ తర్వాత గేటు దాకా ఒక్క పిట్ట కూత కూడా వినలేదు. ఇక్కడ ఇంకా ఆకర్షణలు పెట్టాలి, రోప్‌వేలు వేయాలి అనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. ఆటలకి ఊరంతా ఉంది, సముద్రం ఉంది. ఇక్కడ కాలిబాట, దారి చూపే మనిషి ఉంటే చాలు. ఆ మనిషి జీతం పెంచితే ఇంకా మంచిది.

వెళ్లాలనుకునే వాళ్లకి: వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మద్దిలపాలెం నుంచి తగరపువలస వైపు వెళ్లే బస్సులు చాలావరకు హైవే మీదుగా వెళ్తాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పిట్టలూ మనుషులూ ఇద్దరూ అలసిపోతారు. నిండు చేతుల చొక్కా, పట్టున్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఒంటరిగా గానీ, దారి చూపేవాళ్లు లేకుండా గానీ లోపలికి పోవద్దు, రక్తపింజరి ఎండుటాకుల్లో అసలు కనిపించదు. పదేళ్లు దాటిన పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. సాలెగూడు కింద నుంచి వంగి వెళ్లమని చెప్పండి.