ఎడమకాలి చెప్పు

మా నాన్న ఇరవై ఏడేళ్ళు లారీ నడిపాడు. ఏడాదంతా తాడిపత్రి బండలు, సీజనులో అనంతపురం చీనీ కాయలు. ముందు అద్దం కింద కసాపురం ఆంజనేయస్వామి పటం, దాని వెనక నాలుగు మడతలు పెట్టిన వంద నోటు ఉండేవి. ఆ నోటు దేనికని చిన్నప్పుడు అడిగితే "పరుగెత్తడానికి" అన్నాడు. ఎక్కడైనా మనిషికి బండి తగిలితే డ్రైవరు ముందు పరుగెత్తాలి, పొలిమేర దాటాక ఆ నోటుతో బస్సెక్కాలి, ఆ తర్వాత ఓనరుకు కబురు చెయ్యాలి. స్టీరింగు నేర్పిన గురువు ఆయనకు చెప్పిన సూత్రమది. నాన్న బండి కింద ఎవరూ పడలేదు కాబట్టి ఆ నోటు ఖర్చు కాలేదు. లారీ దిగేసిన రోజు దానితో మాకు మైసూరుపాకు తెచ్చాడు.

ఇప్పుడు నేను ఆ సూత్రం పాటించి కోర్టుకెక్కిన డ్రైవర్ల తరఫున అనంతపురంలో వాదిస్తుంటాను. పంతొమ్మిదేళ్ళయింది. "ప్రమాదం చేసి పారిపోయాడు" అన్న మాట వినగానే చాలామంది మనసులో శిక్ష పడిపోతుంది. "అలాంటివాళ్ళ కేసులు నీకెందుకమ్మా?" అని మా అత్తగారు ప్రతి ఉగాదికీ అడుగుతారు. ఇది ఆమెకు జవాబే అనుకోండి. ఉగాది పూట చెప్పేంత చిన్నది కాదు కాబట్టి రాస్తున్నాను.

2022 నవంబరు. ఉదయం ఎనిమిదిన్నరకు ఉగ్గాణికి బొరుగులు తడుపుతుంటే తలుపు కొట్టారు. నలభై ఏళ్ళ మనిషి. లుంగీ మోకాళ్ళ దాకా చిరిగి ఉంది. కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. ఆ పాదం నిండా కంపముళ్ళు. "అమ్మా, నేను మీ నాన్న దగ్గర క్లీనరుగా చేసినవాణ్ణి" అన్నాడు. గడప మీదే కూర్చుని చెప్పుకొచ్చాడు.

తెల్లవారుజామున ఐదు కాకముందు, బండల లోడుతో వస్తూ, పాలక్యాన్లు కట్టుకుని వెళుతున్న ఒక టీవీఎస్ ఎక్సెల్‌ను దాటాడు. దాటుతుండగా వెనక ఎడమవైపు ఏదో తగిలిన చప్పుడు. అద్దంలో చూస్తే వెనక దీపం లేదు. ఆపి దిగాడు. పాలవాడి కుడికాలి మీద బండి పడి ఉంది, రోడ్డంతా పాలు. బండి పైకి లేపుతుండగానే పక్క ఊరివాళ్ళు వచ్చేశారు. మొదటి రాయి క్యాబిన్ అద్దానికి తగిలింది. రెండోది ఇతని భుజానికి. కందిచేలో పడి పరుగెత్తాడు, చేను దాటాక కంపచెట్లు. అక్కడ కూర్చుని 108కి ఫోను చేశాడు.

"ముందు ఎవరికి చేశావు? ఓనరుకా, 108కా?"

"108కే అమ్మా. ఆ తర్వాత ఓనరుకు. ఆ తర్వాత ఇంటికి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కేసుల్లో మనిషి పరుగెత్తాడా లేదా అన్నది నేను రెండో ప్రశ్నగా అడుగుతాను. ఎవరికి, ఏ వరుసలో ఫోన్లు చేశాడన్నది మొదటి ప్రశ్న.

చట్టం ఏమంటుందో చెబితే చాలామంది నమ్మరు. మోటారు వాహనాల చట్టం, 1988లో 134వ సెక్షన్ ఉంది. మనిషికి దెబ్బ తగిలితే డ్రైవరు అతనికి వైద్యం అందేలా చూడాలి. అయితే జనాగ్రహం వల్ల గానీ, తన చేతిలో లేని మరే కారణం వల్ల గానీ వీలుకాకపోతే ఆ బాధ్యతకు మినహాయింపు ఉంది. ఆ మాట చట్టంలోనే రాసి ఉంది, నేను కల్పించింది కాదు. మన రోడ్ల మీద ఏం జరుగుతుందో ఆ వాక్యం రాసినవాళ్ళకు తెలుసు. కానీ మినహాయింపు అక్కడితో సరి. పోలీసులు అడిగితే వివరం చెప్పాలి. అక్కడ పోలీసులు లేకపోతే దగ్గరి స్టేషన్లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీకీ రాతపూర్వకంగా తెలపాలి. చెయ్యకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మూడు నెలలు, ఐదు వందలు. అంటే కాళ్ళు పరుగెత్తినందుకు క్షమాపణ ఉంది కానీ నోరు మూసుకున్నందుకు లేదు. నాన్న గురువు సూత్రం సగం సరైనదే. ఓనరు దగ్గరే అది దారి తప్పింది.

ఓనరు సంగతికి వస్తున్నాను. ఆ రోజు తొమ్మిదింటికి ఆయనే నాకు ఫోను చేశాడు. "మేడమ్, ఆ మనిషి లైసెన్సు రెన్యువల్ కాలేదు. మన దగ్గర ఇంకో కుర్రాడున్నాడు, లైసెన్సు పక్కాగా ఉంది. వాణ్ణి పంపిస్తాను, వాడి పేరే రాయించండి." మామూలు విషయంలాగా, కూరగాయలు మార్చి ఇమ్మన్నట్టు అడిగాడు. బండి ఎవరు నడిపారో నిజం చెప్పే బాధ్యత 133వ సెక్షన్ కింద ఓనరుదే. డమ్మీ డ్రైవరును పెట్టింది బయటపడితే అసలు నేరం చిన్నదైపోయి, అబద్ధం పెద్దదవుతుంది. నేను వద్దన్నాను. ఆయన ఇంకో వకీలును చూసుకుంటానన్నాడు. చూసుకోమన్నాను. డ్రైవరు మాత్రం గడప మీంచి లేవలేదు.

అప్పుడు అతను అడిగింది నాకు గుర్తుండిపోయింది. "తగిలినట్టు నాకు తెలియలేదని చెప్పేదా అమ్మా?" కొన్ని కేసుల్లో అది నిజమైన వాదనే. పాతిక టన్నుల లోడుతో పోతున్న బండికి వెనక మడ్‌గార్డ్ దగ్గర ఏదో రాసుకుంటే క్యాబిన్‌లో తెలియకపోవచ్చు. తెలియనివాణ్ణి ఆగలేదని శిక్షించడం అన్యాయం. కానీ ఇతనికి తెలుసు. 108కి ఫోను చేసినవాడు తెలియదంటే, కాపాడే కాగితమే ఉరితాడవుతుంది.

రిపోర్టు నేను చెప్పాను, అతను సంతకం చేశాడు. సగం పేజీ. బండి నంబరు, చోటు, సమయం, 108కి చేసిన ఫోను, రాళ్ళు, చిరునామా. "నాదే తప్పు" అని లేదు, "నా తప్పేమీ లేదు" అని కూడా లేదు. తప్పెవరిదో తేల్చే పని 134వ సెక్షన్ డ్రైవరుకు అప్పగించలేదు, ఏం జరిగిందో చెప్పమంది, అంతే. స్టేషనుకు నేను వెళ్ళలేదు. వెళితే రేపు నేనే సాక్షినవుతాను, వకాలత్ వదులుకోవాల్సి వస్తుంది. మా గుమాస్తాను తోడు పంపాను. పది గంటలకు వెళితే రెండింటి దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, "సారు బందోబస్తులో ఉన్నారు, రేపు రండి" అని పంపేశారు. రిపోర్టు తీసుకోలేదు. మా గుమాస్తా అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకు వెళ్ళాడు. స్టేషనుకు ఒకటి, జిల్లా ఎస్పీ గారికి ఒకటి, ఇన్సూరెన్సు కంపెనీకి ఒకటి, రిజిస్టర్డ్ పోస్టు. రసీదు మీద సమయం 3.20. ప్రమాదం జరిగి పదిన్నర గంటలు. ఆ రసీదు ఇచ్చినంత ధైర్యం నాకు లా పుస్తకాలేవీ ఇవ్వలేదు.

మూడో రోజున అతన్ని అరెస్టు చేసి స్టేషన్ బెయిలు మీద వదిలారు. ఛార్జిషీటులో రాసిందిది: "పరారీలో ఉన్న ముద్దాయిని బస్టాండు వద్ద పట్టుకోవడమైనది." ఐపీసీ 338 (నిర్లక్ష్యంతో తీవ్రంగా గాయపరచడం), మోటారు వాహనాల చట్టం 134, 187.

నేను మొదట చేసిన పని కాల్ రికార్డులు తెప్పించమని పిటిషన్ వెయ్యడం. ఫోను కంపెనీలు వాటిని ఎల్లకాలం దాచవు, మన విచారణేమో వాయిదాల మీద నడుస్తుంది. ఇలాంటి కేసుల్లో సాక్ష్యం పాలలాంటిది, ఆ పూట కాచకపోతే విరిగిపోతుంది. పెట్రోలు బంకు కెమెరా దృశ్యాలైతే కొన్ని రోజులకే చెరిగిపోతాయి. నాలుగు వాయిదాల తర్వాత కాగితం వచ్చింది, కంప్యూటర్ రికార్డును కోర్టు సాక్ష్యంగా తీసుకోవడానికి కావలసిన 65బి సర్టిఫికెట్‌తో సహా. 4.58కి 108. 5.03కి ఓనరు. 5.10కి భార్య.

ఇక విచారణ. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారు గట్టిగా పట్టుకున్నది రెండు వస్తువులను. ఒకటి చెప్పు. రోడ్డుకు రెండు వందల గజాల దూరంలో కంపచెట్ల మధ్య దొరికిన ఎడమకాలి తోలుచెప్పు, మధ్యవర్తుల రిపోర్టుతో జప్తు చేసి ఎం.ఓ.1గా, అంటే మొదటి వస్తు సాక్ష్యంగా, మార్క్ చేశారు. పారిపోయాడనడానికి రుజువట. రెండోది, ప్రమాదం తర్వాత బండిని పరీక్షించే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదని అన్ని రిపోర్టుల్లాగే అందులోనూ ఉంది. అందరూ చదివేది ఆ వాక్యమే. నేను దాని పైన ఉన్న పట్టిక చదివాను. వెనక ఎడమ మడ్‌గార్డ్ మీద గీతలు. ముందు అద్దం పూర్తిగా పగిలింది. డ్రైవరు వైపు కిటికీ అద్దం పగిలింది. డ్రైవరు తలుపు మీద మూడు సొట్టలు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను క్రాస్‌లో ఒకటే అడిగాను. "వెనక ఎడమవైపు తగిలిన మోపెడ్ వల్ల ముందు అద్దమూ కుడివైపు కిటికీ పగిలే అవకాశం ఉందా?" ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. "లేదు" అన్నాడు. జనాగ్రహానికి సాక్షిని నేను వెతుక్కోవాల్సిన పని తప్పింది, ప్రాసిక్యూషనే తెచ్చి పెట్టింది. చెప్పు కూడా మన వైపు తిరిగింది. తీరిగ్గా తప్పించుకునేవాడు చీకట్లో కంపలో చెప్పు వదిలి పోడు.

తర్వాత దర్యాప్తు అధికారి. "రిజిస్టర్డ్ పోస్టు అందిందా?" "గుర్తు లేదు." స్టేషను ముద్ర పడిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు చేతికిచ్చాను. ముద్ర తమదేనని ఒప్పుకున్నారు. ఆయన చేతే మా తరఫు మొదటి పత్రంగా, ఎగ్జిబిట్ డి-1గా మార్క్ చేయించాను.

వీటన్నిటికంటే నాకు గుర్తున్నది పాలవాడి సాక్ష్యం. కాలిలో రాడ్డు, చేతికర్ర. నలుగురు సాక్షులు "అతివేగంగా, అజాగ్రత్తగా" అని అచ్చుపోసినట్టు ఒకే మాట చెప్పి వెళ్ళారు. అతివేగం అన్న ఒక్క మాటతో నిర్లక్ష్యం రుజువు కాదని సుప్రీంకోర్టు 1998లోనే కర్ణాటక ప్రభుత్వం, సతీష్ కేసులో చెప్పింది. ఈయన మాత్రం చిలకపలుకులు పలకలేదు. "గేదె అడ్డం వస్తే పక్కకు తిప్పాను. అప్పుడే లారీ వచ్చింది. ఎవరి తప్పో చెప్పలేను" అన్నాడు. 108ని ఎవరు పిలిచారో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. ఆ నంబరు ముద్దాయిదేనని చెప్పాను. ఆయన బోను వైపు తిరిగి చూశాడు. డ్రైవరు తల దించుకున్నాడు. జడ్జి గారు కూడా కాసేపు రాయడం ఆపారు.

నిజం చెప్పాలంటే, మా డ్రైవరు బండిని కొంచెం ముందే ఎడమకు కోశాడని నాకు అనుమానం. ఆ మాట అతనికి ముఖం మీదే చెప్పాను, ఇక్కడ రాసుకోమన్నాడు కూడా. అనుమానానికి శిక్ష వెయ్యరు, అంతే.

అందరి కేసులూ ఇలాగే ఉండవు. ఒక కారు యజమాని మనిషిని గుద్ది, తెల్లారేలోపు పక్క జిల్లాకు వెళ్ళి ముందు అద్దం మార్పించుకుని, మూడో రోజు నా దగ్గరకు వచ్చాడు. ఆ షాపు బిల్లే అతని మీద సాక్ష్యమైంది. వాదించాను, ఓడిపోయాను, పెద్దగా బాధ పడలేదు. అలాంటివాడు దొరక్కపోతే ఏమవుతుందో చూడండి. బండి ఏదో తెలియని ప్రమాదాల్లో చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద వచ్చేది రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇరవై ఐదు వేలు, పన్నెండున్నర వేలు. బండి తెలిస్తే మనిషి వయసూ సంపాదనా లెక్కగట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఇస్తుంది. మా పాలవాడికి అక్కడ పరిహారం వచ్చింది. క్రిమినల్ కేసు కొట్టేసినా అది ఆగదు, అక్కడి తూకం వేరు.

ఈ మధ్యలోనే 2024 జనవరి వచ్చింది. కొత్త చట్టంలో పదేళ్ళ జైలు, ఏడు లక్షల జరిమానా అని వాట్సాప్ నిండా తిరిగింది, లారీలు ఆగిపోయాయి. మా డ్రైవరు రాత్రి పదకొండింటికి ఫోను చేసి "నాకూ పదేళ్ళేనా అమ్మా?" అని ఏడ్చాడు. ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో భాగంలో పదేళ్ళ దాకా అని ఉన్న మాట నిజం. మనిషి చనిపోయి, డ్రైవరు పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే. ఏడు లక్షలన్నది మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ రెండో భాగాన్ని పక్కన పెట్టారు. పైగా ఇతని సంగతి 2022 నాటిది, పాత ఐపీసీయే వర్తిస్తుంది. ఇదంతా చెప్పాక, "అయితే పడుకోమంటారా?" అన్నాడు.

2025లో తీర్పు వచ్చింది. 338లో అనుమానపు లబ్ధి. 134, 187లో నేరం రుజువు కాలేదు. పన్నెండు పేజీలు. డ్రైవరుకు అర్థమయ్యేలా చివరి పేజీ చదివి వినిపించాను. ఆఖరి పేరాలో ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది: ఎం.ఓ.1, ఎడమకాలి చెప్పు, విలువలేనిది కనుక అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చెయ్యవలెను.

"ధ్వంసమా?" అన్నాడు. "కుడిది నేనింకా దాచిపెట్టుకున్నాను కదమ్మా."