6 లక్షల లాభం 6.20 లక్షలు ఎలా అయింది?

మూడు ఆదివారాలు తినేసిన తప్పు ఇవాళ దొరికింది!

మా బావ, ఆయన స్నేహితుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర 3:2 వాటాలతో ఐస్ వ్యాపారం చేస్తున్నారు. ఇప్పుడు మూడో ఆయన 1/5 వాటాకి వస్తున్నాడు. అసలు లెక్కలకి వాళ్ల ఆడిటర్ ఉన్నాడు, కంప్యూటర్‌లో వేసిన ఈ స్ప్రెడ్‌షీటు నా సరదా. మిగిలిన 4/5ని పాత నిష్పత్తిలోనే పంచితే 12/25, 8/25, 5/25. త్యాగ నిష్పత్తి (కొత్తాయన కోసం పాతవాళ్లు వదులుకునే వాటాల నిష్పత్తి), గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచిపేరుకి కట్టే విలువ) మొదటిసారికే కుదిరాయి.

వాటాల గడుల్లో మాత్రం 1/2, 1/3, 1/5 అని కనిపిస్తోంది. చేత్తో కూడితే 31/30. షీటులో మొత్తం చూస్తే 1! ఆ భిన్నాలు పట్టుకుని 6 లక్షలు పంచితే 3,00,000, 2,00,000, 1,20,000. బావకి ఫొటో పెడితే, "ఆ ఇరవై వేలూ నువ్విస్తావేటిరా?" అన్నాడు.

ముందు ఫార్ములాని అనుమానించాను. బాగానే ఉంది. తర్వాత, 3/5 అని కొడితే మే 3 అయిపోయే పాత జబ్బేమో అనుకున్నా. అదీ కాదు, అన్నిచోట్లా =3/5 అనే ఉంది. చివరికి దశాంశాల్లోకి మార్చి చూస్తే 0.48, 0.32, 0.2. లోపల లెక్క సరిగ్గానే ఉంది, పైకి కనిపించేదే తప్పు. నేను పెట్టిన భిన్నం ఫార్మాట్ ఒక అంకెది. హారం 9 దాటనివ్వదు కాబట్టి 0.48కి దగ్గరగా ఉందని 1/2, 0.32కి 1/3 చూపించింది. రెండంకెలకి మార్చగానే 12/25 వచ్చింది.

అయినా నమ్మకం పోయింది. లవం ఒక గడిలో, హారం ఒక గడిలో పూర్ణసంఖ్యలుగా పెట్టేశాను. భిన్నాన్ని కుదించడానికి వాడే గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) ఫంక్షన్‌కి 0.48 ఇస్తే, దశాంశం వదిలేసి సున్నా అనుకుంటుంది, అందుకూ ఇదే మందు. నా పాత కాసియో 991 కాలిక్యులేటర్ అయితే 12/25ని తడుముకోకుండా చూపిస్తుంది. భిన్నాలకి దాన్ని మించింది లేదు.

ఇక అసలు చిక్కు. కొత్తాయన జూన్ 15న చేరితే? ఏప్రిల్ 1 నుంచి 75 రోజులు పాత నిష్పత్తి, 290 రోజులు కొత్తది. రోజుల లెక్కన 6 లక్షల్లో ఆ 75 రోజుల భాగం 1,23,288 రూపాయలు పాతవాళ్లిద్దరికే. కానీ ఆ 75లో 61 రోజులు మర పడవలకి వేట నిషేధం, ఐస్ కొనేవాడెవడు? అమ్మకాల ప్రకారం పంచడమే న్యాయమని నాకనిపిస్తోంది, ఒప్పందంలో ఏం రాసుకుంటారో మరి. వచ్చే ఆదివారం రెండు పద్ధతులూ పక్కపక్కన పెడతాను. ముందు బావ దగ్గర నెలవారీ అమ్మకాలు రాబట్టాలి, అవన్నీ తడిసిన చిట్టా పుస్తకంలో ఉన్నాయి.