పొడవైన సెడాన్‌లో వెనుక సీటు ఎందుకు ఇరుకు?

నాలుగున్నర మీటర్లకు పైగా పొడవుండే మిడ్‌సైజ్ సెడాన్‌లో వెనుక కూర్చున్నవారి మోకాళ్లు ముందు సీటుకు తగలడం, తల పైకప్పుకు ఆనడం అరుదేమీ కాదు. అంతకంటే పొట్టి హ్యాచ్‌బ్యాక్‌లో హాయిగా కూర్చున్నవారికి ఇది మరీ వింతగా తోస్తుంది. బండి పొడవును చూసి లోపలి చోటును అంచనా వేయకూడదని, ఆ పొడవులో దేనికెంత వాటా ఇచ్చారో చూడాలని నా అభిప్రాయం.

మొదటి వాటా ఇంజిన్‌ది. 1959లో వచ్చిన మినీ కారులో దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ను అడ్డంగా అమర్చి ముందు చక్రాలను నడిపించడం వల్లనే, మూడు మీటర్ల చిల్లర పొడవున్న బండిలో నలుగురికి చోటు దొరికింది. బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సీ-క్లాస్ వంటి సెడాన్లు మాత్రం ఇంజిన్‌ను బండి పొడవు వెంబడి అమర్చి, ప్రధానంగా వెనుక చక్రాలను నడిపిస్తాయి. నడిపేవారికి అందులో సుఖముంది. కాని బానెట్ సాగుతుంది, ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు చేర్చే షాఫ్ట్ (పొడవాటి కడ్డీ) కోసం నేల మధ్యలో గట్టు లేస్తుంది. ఐదు సీట్లని చెప్పినా, ఆ గట్టుకు అటొక కాలు ఇటొక కాలు వేసి దూరప్రయాణం చేయగల ఐదో మనిషి పిల్లవాడే అయి ఉండాలి.

అంతకన్నా పెద్ద కారణం కూర్చునే తీరు, దీన్ని పట్టించుకునేవారు తక్కువ. సెడాన్ ఎత్తు సాధారణంగా ఒకటిన్నర మీటరు లోపే కనుక సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, కాళ్లను కిందికి దించే వీలు లేక ముందుకు చాచవలసి వస్తుంది. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోబెట్టే ఎస్‌యూవీ, అంతే పొడవులో ఎక్కువ చోటున్నట్టు అనిపించడానికి ఇదే కారణం.

దీనికి పైకప్పు వాలు తోడవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఇంధనం ఆదా చేయాలంటే పైకప్పును వెనక్కి మెల్లగా దించడం మేలు. 2004లో వచ్చిన మెర్సిడెస్ సీఎల్ఎస్ తరువాత ఆ వాలు అందానికి గుర్తుగా కూడా మారింది. తల తగలకుండా ఉండాలని కొన్ని బండ్లలో వెనుక సీటునే కిందికి దించుతారు. అప్పుడు మోకాళ్లు పైకి లేచి, తొడల కింద ఆధారం లేకుండా పోతుంది; గంట గడిచేసరికి నడుము ఆ సంగతి చెబుతుంది. సన్‌రూఫ్ ఉంటే దాని చట్రం మరికొంత ఎత్తును తింటుంది. పక్క నుంచి తగిలే దెబ్బను తట్టుకోవడానికి తలుపులు, స్తంభాలు లావెక్కడం వల్ల వెడల్పు కూడా తగ్గుతుంది కాని, దాన్ని నేను తప్పుపట్టను.

ఇవన్నీ తప్పనిసరి పరిమితులని మాత్రం అనుకోనక్కరలేదు. 3 సిరీస్‌నే వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 110 మిల్లీమీటర్లు పెంచి చైనాలోనూ భారత్‌లోనూ అమ్ముతున్నారు, ఆడీ కూడా చైనా కోసం ఏ4ఎల్ అనే పొడవాటి రూపం తయారుచేసింది. యజమానులు వెనుక కూర్చునే దేశాల్లో దొరికిన జాగా, యజమానే నడిపే దేశాల్లో దొరకలేదంటే అది కంపెనీ ఎంపికే. మధ్యస్థపు బండే విశాలమైతే పైశ్రేణి సెడాన్ ఎవరు కొంటారన్న లెక్క కూడా ఇందులో ఉంటుందని నా అనుమానం.

విద్యుత్ కార్లలో బానెట్ కింద పెద్ద ఇంజిన్ ఉండదు, నేల మీద గట్టు లేపవలసిన పని కూడా ఉండదు. హ్యుందాయ్ అయానిక్ 6 వీల్‌బేస్ 2,950 మిల్లీమీటర్లు, వెనుక కాళ్లు చాచుకోవడానికి బోలెడంత చోటు. అయితే బ్యాటరీ నేల కింద పరచుకోవడం వల్ల నేల పైకి లేస్తుంది, గాలిని చీల్చడానికి పైకప్పు కిందికి దిగుతుంది. అందుకే కాళ్ల దగ్గర అంత విశాలమైన ఆ సీటులో కూడా పొడగరుల తల పైకప్పును తాకుతూనే ఉంటుంది.