నెత్తిన చెయ్యి

నాలుగు నెలలు 'మెడ పట్టేసింది' అనే ఒక్క మాటతో నెట్టుకొచ్చాను. దిండు మార్చాను, జండూబామ్ డబ్బాలు ఖాళీ చేశాను, మా వీధి సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ టకీమని విరిపించుకోవడం మాత్రం మానలేదు (దానికి తర్వాత బాగా చీవాట్లు పడ్డాయి). ఆడిటర్ ఆఫీసులో పని, రోజంతా ల్యాప్‌టాప్ ముందు తల వంచుకునే ఉంటాం, ఇది ఎవరికి లేదులే అనుకున్నా.

తర్వాత నొప్పి ఎడమ చేతిలోకి దిగింది. ఎడమ చెయ్యి అనేసరికి ఇంట్లో గుండె టెన్షన్. అర్ధరాత్రి ఈసీజీ, రక్తపరీక్ష, గుండెకేం లేదన్నారు. ఆ ధైర్యంతో ఇంకో నెల తిరిగేశా, అదే నా తప్పు.

తిరుపతిలో ఎముక మాటెత్తితే చాలు, 'పుత్తూరుకు పోరాదా' అంటారు. మా బావ కారు కూడా తీశాడు. విరిగిన ఎముకకు ఆకుపసరు, గుడ్డు తెల్లసొన పట్టించి వెదురుబద్దలతో కట్టు కట్టేది అక్కడ. మా నాయన ముంజేతికి అక్కడే కట్టించాం కూడా. నాదేం విరగలేదు కదా బావా అంటే, 'చూపిస్తే పోయేదేముంది' అంటాడు.

రాత్రిళ్లు ఎటు పడుకున్నా చెయ్యి లాగేది. నెత్తిన చెయ్యి పెట్టుకుంటే మాత్రం హాయిగా ఉండేది. అమ్మకు అది చూస్తే ఒళ్లు మంట. 'శని పట్టుద్ది, తియ్యరా' అని తిట్టేది.

చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, తిమ్మిరి ఏ వేలికి? అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మధ్యవేలికి. తల ఎడమవైపు వంచి పైనుంచి మెల్లగా నొక్కారు, ఆ వేలిదాకా కరెంటు షాక్ కొట్టినట్టయింది. మోచెయ్యి చాపి నెట్టమంటే కుడిచేతికున్న బలం ఎడమచేతికి లేదు. నెత్తిన చెయ్యి సంగతి సిగ్గుపడుతూనే చెప్పా. ఆమె నవ్వి, అలా పెడితే నరం మీద లాగుడు తగ్గుతుంది, అదీ ఒక గుర్తే అన్నారు. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారితే సాధారణంగా మెడలోంచి చేతికి దిగే నరాల్లో ఆరోదట, మధ్యవేలైతే ఏడోదట. ఎమ్మారైలో మెడ ఆరు, ఏడు పూసల మధ్య మెత్తటి డిస్క్ ఉబ్బి సరిగ్గా ఆ నరాన్నే నొక్కుతోంది.

ఆపరేషన్ అంటారేమోనని వణికాను. చాలామందికి అది లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుందన్నారు. మందులు, ఫిజియోథెరపీ, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు. మెడకు పెట్టే కాలర్ పట్టీ కూడా రోజుల తరబడి వద్దు, మెడ కండరాలు బలం తగ్గుతాయట. సెలూన్‌లో మెడ విరవడం అసలు వద్దు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే రావాలని మాత్రం రెండుసార్లు చెప్పారు.

ఇది ఏడో వారం. నొప్పి చాలావరకు పోయింది, మధ్యవేలి కొసలో కొంచెం మొద్దు మిగిలింది. డాక్టరమ్మ చెప్పిందంతా అమ్మకు విడమరచి చెప్పా. అంతా విని, రాత్రి నాకు నిద్ర పట్టాక మెల్లగా వచ్చి నెత్తిమీంచి చెయ్యి తీసేసి పోతోంది.